బాణం తోకకు సున్నం

12 ఫిబ్రవరి 1989, ఆదివారం. గుడియాత్తం

స్తోత్రం! స్తోత్రం! ఇప్పుడే ఏటినుంచి వచ్చాను. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ. ఈ అక్షరాలు చదివేవాడు మా వీధిలో నేను తప్ప ఎవడున్నాడు? తెలుగు మాట్లాడే ఇళ్లు బోలెడు, లిపి వచ్చిన ఇల్లు ఇదొక్కటే. నాకైనా ఇక్కడి తమిళ బడిలో వచ్చింది కాదు. మా నాయన గ్రంథం ఒళ్లో పెట్టుకుని, నా వేలు పట్టుకుని గీతల మీద నడిపిస్తే వచ్చింది.

సాయంత్రం ఏటి ఇసకలో బహిరంగ కూడిక. ఎలక్షన్ అయిపోయి సూర్యుడి పార్టీ గద్దె ఎక్కిన దగ్గర్నుంచి మైకుసెట్లన్నీ ఖాళీ, మంచి సెట్టు దొరికింది. నేను పనిచేసే అగ్గిపెట్టెల కంపెనీ వాళ్ల చెక్కపెట్టె బోర్లించి ఎక్కాను. చేతిలో విల్లు! ఆలంగాయం కొండ మీది ఏలుమలై, జ్వరం తగ్గినందుకు కృతజ్ఞతగా మా ప్రార్థన మందిరంలో పెట్టిపోయిన వెదురు విల్లు. యోవాషు రాజు వింటి మీద చెయ్యి వేసినప్పుడు ఎలీషా ప్రవక్త తన ముసలి చేతులు ఆ చేతుల మీద ఎలా పెట్టాడో చెబుతున్నాను. తూర్పు కిటికీ తెరువు అని నేను అరిస్తే అవతలి గట్టు మీద కుక్కలు లేచి మొరిగాయి. అంత అభిషేకం!

అప్పుడు వెనకనుంచి వాడు. తంగరాజ్. పాపాతి తమ్ముడు, నా బావమరిది. నల్ల చొక్కా. ఆంబూరు బూట్ల ఫ్యాక్టరీలో కొయ్య అచ్చులు చెక్కే వడ్రంగి. దేవుడు లేడని ఊరంతా చెప్పుకుని తిరుగుతాడు, నా కూడిక మాత్రం ఒక్కటీ తప్పడు.

"గట్టిగా చెప్పు బావా, ఎనక్కి ఇనబళ్లా!"

జనం ఒకటే నవ్వు.

"ఆ రాజు కొట్టినాడు, సరి. నువ్వు కొడతావా? మీ దేవుడు నీ చేతి మీద చెయ్యి పెడతాడా?"

"పెడతాడు!"

"ఎప్పుడప్పా?"

"ఈస్టరు మర్నాడు, సోమవారం. ఇదే ఇసకలో. ఆ చింతకొమ్మకి దిష్టి గుమ్మడికాయ కట్టండి. మూడు బాణాలు వేస్తా. మూడూ దాంట్లో దిగబడతాయి."

"దిగకపోతే?"

"ఒక్కటి తప్పినా ఈ పెట్టె దిగుతా. బతికుండగా మళ్లీ ఎక్కను!"

ఆ మాట నేను అన్నానా, నాలో ఆత్మ అన్నదా? మైకులోంచి వెళ్లిపోయింది.  తర్వాత మా సంఘ పెద్ద యోసేపు లేచి హల్లెలూయా అన్నాడు, అందరూ అన్నారు.

నేను ఇంతవరకు బాణం వేసింది లేదు. దానికేం? దావీదు మాత్రం గొల్యాతు కన్నా ముందు ఎవణ్ణి కొట్టాడు?

13 ఫిబ్రవరి

పాపాతి కాఫీ గ్లాసు నా ముందు పెట్టి ఒకే మాట అంది. "యెఫ్తా మొక్కుకొని కూతుర్ని పోగొట్టుకున్న కత నువ్వే కదా చెప్పినావు."

ఆడవాళ్లకి కథలు గుర్తుంటాయి, సందర్భం గుర్తుండదు.

14 ఫిబ్రవరి, మంగళవారం

వింటితో పాటు ఏలుమలై రెండు బాణాలు కూడా ఇచ్చాడు. ఈ రోజు సరిగ్గా చూశాను. సన్నటి రెల్లు. ములికి మాత్రం ఇనుముది, బరువుగా ఉంది. నడుమ బొటనవేలితో నొక్కితే వంగిపోతుంది. గాలికి ఊగే రెల్లును చూడటానికా మీరు అరణ్యంలోకి వెళ్లారు అని ప్రభువు జనాన్ని అడగలేదా? అలాంటి రెల్లుతో దేవుడి పని చేస్తానా! పక్కన పడేశాను. పాపాతి వాటిని తీసుకుపోయి పెరట్లో చిక్కుడు తీగకి ఆసరా పాతింది. దానికి సరిపోతాయి.

టింబర్ డిపోలో నిచ్చెనలకు వాడే గట్టి వెదురు ఏరుకుని తెచ్చాను. చీల్చి, గాజుపెంకుతో గీకి, గుండ్రంగా తిప్పాను. వేలు నొప్పి పుట్టేలా నొక్కినా కదలదు. నీతిమంతుడు ఇలాగే ఉండాలి. చెప్పులు కుట్టేవాళ్ల మేకులు ములికిగా దిగ్గొట్టాను, తోకకు కోడి ఈకలు కట్టాను. ఎంత అందం! దేవుడు తన పొదిలో దాచుకున్న మెరుగు బాణం ఇదే అనిపించింది.

18 ఫిబ్రవరి, శనివారం

పొద్దున్నే ఏటికి పోయాను. పాత గోనెసంచి కట్టి కొట్టాను.

ఎడమకి.

మళ్లీ ఎడమకి. మళ్లీ. మళ్లీ. గురి పెట్టేది నడుమకి, పోయేది ఎడమ పక్క మేకల మందలోకి. మేకలు కాసే ముసలామె కర్ర ఎత్తి తమిళంలో ఏదేదో తిట్టింది. ఆమె కోసం ప్రార్థించాను.

బాణంలో తప్పు లేదు. కీర్తనకారుడు ముందే చెప్పాడు, మోసపు విల్లు తిరగబడుతుందని. కొండ మీది విల్లు కదా, ఎవరి పూజలో ఉన్నదో ఏమో. మందిరంలో ఉంచి దాని మీద చేతులుంచి ప్రార్థన చేశాను.

22 ఫిబ్రవరి

ఉపవాసం. ఇంకా లావు వెదురు. ఇంకా ఎడమకి.

26 ఫిబ్రవరి, ఆదివారం

ఎడమచేతివాడైన ఏహూదు గురించి ప్రసంగించాను. అందరూ ఏడ్చారు. ఎందుకు ఆ వాక్యమే తీశానో నాకు తెలియదు.

కూడిక అయ్యాక యోసేపు నా భుజం పట్టుకుని "విశ్వాసం పెంచండి ఉపదేశీ" అన్నాడు. ఈయన ఎప్పుడైనా విల్లు వంచి చూశాడా?

4 మార్చి, శనివారం

ఇది రాయకుండా పనిలోకి పోలేను. కంపెనీ సైరన్ మోగితే మోగనీ!

పొద్దున ఏట్లో బాణాలేస్తుంటే తంగరాజ్ సైకిలు ఇసకలో పడేసి వచ్చి కూర్చున్నాడు. ఆకువక్క నములుతూ చూస్తున్నాడు.

"ఎన్నా బావా, మేకలకి జ్ఞానస్నానం ఇస్తాండావా?"

"చూసేదానికి వచ్చినావా, నవ్వేదానికి వచ్చినావా?"

"రెండిటికీ."

ఇంకో బాణం వేశాను. ఎడమకి. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లేచి వచ్చి బాణం వెతికి తెచ్చి, అచ్చు కొయ్యని చూసినట్టు కంటి దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది అంబా, కడపారా?"

"గునపం కాదు, బాణమే. నిటారుగా ఉంది, వంగదు. నీకు నచ్చదులే."

"నువ్వు ఓడిపోతే ఆదివారాలు నేను యాడికి పోయేది బావా? కూచో. చూడు." రొంటిలోంచి సున్నం డబ్బీ తీసి, బాణం ఆనే చోట వింటి కర్రకు తెల్లగా పూశాడు. "ఇప్పుడు కొట్టు."

కొట్టాను. ఎడమకి. బాణం తెచ్చి నా కళ్ల ముందు పెట్టాడు. తోక దగ్గర, ఈకల పక్కన, వేలంత సున్నం మరక.

"చూసినావా? నారి నడిమద్దె ఉండాది. కర్ర దానికి అడ్డం ఉండాది. అంబు కర్ర పక్కగా పోవాల. నీ కడపార వంగదు గదా, అందుకే తోక పొయ్యి కర్రకి కొట్టుకుంటాది, ముక్కు ఎడమకి తిరుగుతాది. మంచి అంబు కర్రని చుట్టుకొని పోవాల. ఏట్లో చేప రాయిని చుట్టుకొని పోయేట్టుగా."

"వంగితేనే సూటిగా పోతుందా? అదెక్కడి న్యాయం రా!"

"నమ్మొద్దు. చూడు అంటాండా."

"నువ్వు తోమావి. గాయంలో వేలు పెడితే గాని నమ్మవు."

"ఆమా. తోమాకి మీ ప్రభువు చెయ్యి చాపి చూపించినాడు గదా? తిట్టి తరమలేదే."

  మరక మీద వేలు పెట్టి చూశాను. తడిగా ఉంది.

6 మార్చి

చిక్కుడు తీగ! చిక్కుడు తీగ!

పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తే తీగ బరువుకి ఏలుమలై రెల్లు వంగి, గాలి వస్తే మళ్లీ లేచి నిలబడుతోంది. నోట్లో పుల్లతోనే పీకాను. తీగ కిందపడిందని పాపాతి అరుస్తున్నా వినలేదు. రెండు ఇటుకలు దూరంగా నిలబెట్టి రెల్లును వాటి మీద అడ్డంగా పెట్టాను. నడుమ ఏదైనా ఒకే బరువు వేలాడదీసి, ఎంత దిగుతుందో చూడాలి. చేతికి దొరికింది మందిరం తాళం, పెద్ద ఇత్తడిది. రెల్లు వేలి మందాన దిగింది. నా నిచ్చెన వెదురుకు అదే తాళం తగిలిస్తే తల వంచనే లేదు.

పనికి సెలవు పెట్టి రోజంతా గాజుపెంకు. గీకడం, తాళం తగిలించడం, చూడడం, మళ్లీ గీకడం.

మందిరానికి తాళం లేదు. పొద్దుటి నుంచి తలుపు తీసే ఉంది. మధ్యాహ్నం బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురు ఎండకి లోపల కూర్చున్నారట. కూర్చోనీ.

8 మార్చి, బుధవారం

పుల్లలు పల్చన అయ్యాయి, తాళానికి రెల్లంత దిగుతున్నాయి. అయినా కొంచెం ఎడమకే. ఎందుకు? ఎందుకు? ఆ ఎందుకుని నెత్తిన పెట్టుకునే పనిలోకి పోయాను.

నా పని చట్రాలు ముంచడం. అగ్గిపుల్లలు బిగించిన చట్రాన్ని మందు పలక మీద ఆనించి ఎత్తాలి. మందు పలచగా ఉంటే తల చిన్నది, చిక్కగా ఉంటే పెద్దది. ఈ రోజు మందు చిక్కగా ఉంది. ఆరిన పుల్ల ఒకటి తీసి మాకందరికీ ఉన్న అలవాటుగా గోటితో మీటాను. తల బరువుకి నడుము విల్లులా వంగి ఊగింది. మందు లేని పుల్ల తీసి మీటాను. ఉలకలేదు. అదే కర్ర, అదే మందం!

తల బరువెక్కితే నడుము వంగుతుంది. ఇన్నేళ్లుగా ఈ చేతులతో ఇదే పని చేస్తూ, ఈ ముక్క చూడలేదు నేను. నా మేకులు తేలిక. ఏలుమలై ఇనప ములికి బరువు. అయ్యో, రెల్లును ఎగతాళి చేశాను, ఆ ముసలాయన లెక్కంతా ఆ ములికిలో ఉంది!

పని వదలగానే ఇంటికి పోయి విల్లూ బాణాలూ తీసుకుని బజారుకు పరుగు. చంద్రశేఖరం శెట్టి నాటుమందుల అంగడి. భస్మాలు తూచే చిన్న తక్కెడ ఆయన దగ్గరే ఉంది.

"ఏం ఉపదేశీ, నాటుమందు కావాల్నా? మీ వాళ్లకి ప్రార్థనతోనే నయమైపోతాది గదా."

"తక్కెడ కావాల శెట్టీ. గురివింద గింజలు కావాల."

"బంగారం తూచేదానికా?"

"బాణం ములికి."

ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను, నా వింటిని, నా గడ్డాన్ని చూశాడు. "గుమ్మడికాయని కొట్టేది నువ్వేనా? కాయ నా అంగడి నుంచే ఇస్తా. అది మా దిష్టి తీసేది, నువ్వు పగలగొడితే ఆ దిష్టి యాడికి పోతాది, చెప్పు?"

"ఎడమకి పోతాది శెట్టీ. నావన్నీ ఎడమకే పోతాండాయి."

ఆయన నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, తక్కెడ నా ముందుకు తోశాడు.

11 మార్చి, శనివారం

మేకు వెనక రాగితీగ చుట్టడం తంగరాజ్ ఆలోచన. చుట్టు పెంచితే బరువు పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. ఒక గింజ ఎత్తు తీగ, ఎడమకి. ఇంకొన్ని గింజలెత్తు, కుడికి! మొట్టమొదటిసారి కుడికి! ఇద్దరం గంతులేశాం. తప్పినందుకు గంతులేసినవాళ్లు ఈ ఊళ్లో మేమే అయి ఉంటాం. ఇక ఎడమకీ కుడికీ నడుమ ఎక్కడో ఉంది అది.

14 మార్చి

నడుమ! నడుమ! నడుమ! మూడూ గోనెసంచిలో పక్కపక్కనే నిలబడ్డాయి, ఒకదాని ఈకలు ఇంకోదాని ఈకలకు తగులుతున్నాయి. సున్నం పూసి మళ్లీ వేశాం. తోక మీద మరక లేదు. ఒక్క చుక్క లేదు!

ఇసకలో మోకాళ్లూని "స్తోత్రం" అని అరిచాను.

"సున్నానికి చెప్పు స్తోత్రం" అన్నాడు తంగరాజ్. "రాగితీగకి చెప్పు. చెక్కిన వడ్రంగికి చెప్పు."

"చెప్పింది వడ్రంగికే రా! మా ప్రభువు చేసిన పనేమనుకున్నావు?"

నోట్లో ఆకువక్క నా చొక్కా మీద పడేలా నవ్వాడు. చొక్కాకి ఎర్ర మరక. పాపాతి ఉతకడానికి పోతే వద్దన్నాను.

16 మార్చి, గురువారం

యోసేపుతో వేలూరు పోయి వచ్చాను. నోటీసులు అచ్చు వేయించడానికి. ప్రెస్సులో ఆలస్యమవుతుందంటే కోట లోపలికి పోయి రాతి మండపంలో నిలబడ్డాను. ఒక స్తంభం మీద విల్లు పట్టిన బొమ్మ ఉంది. వాడి బాణం నిటారుగా ఉంది. రాతివాడికేం, అది ఎప్పటికీ వదలడు కదా.

నోటీసు మీద తమిళంలో పెద్ద అక్షరాలు: అద్భుత బాణం. మానవ హస్తం కాదు, దైవ హస్తం. యోసేపు నా ముఖం చూశాడు. బాగుంది అన్నాను. అక్షరాలు అప్పటికే కూర్చేశారు, ప్రెస్సు అబ్బాయి తొందరపడుతున్నాడు. ఇప్పుడు మార్చమంటే బాగుండదు.

అయినా దేవుడు సున్నంతో పని చేయకూడదని ఎక్కడ రాసి ఉంది? బురదతో గుడ్డివాడి కళ్లు తెరిచాడు కదా. కాబట్టి అద్భుతమే. కాబట్టి నోటీసులో అబద్ధం ఏమీ లేదు.

19 మార్చి, మట్టల ఆదివారం

మందిరం పట్టలేదు, వీధిలో దాకా జనం. కొత్తవాళ్లు. బీడీలు చుట్టే పచ్చయమ్మ బిడ్డని చంకనేసుకుని వచ్చింది. ఐదేళ్ల పిల్ల, మూర్ఛలు వస్తాయి. వింటిని తాకొచ్చా అని అడిగింది. తాకమన్నాను. అడిగితే కాదంటామా?

సున్నం సంగతి యోసేపుకు చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. అంతా అయ్యాక నిదానంగా చెప్పొచ్చు.

20 మార్చి

కంపెనీ గోడ మీద, ఎలక్షన్ సూర్యుడి బొమ్మ మీదే మా నోటీసు అంటించారు. పని వదిలి బయటికొస్తే తంగరాజ్ దాని ముందు సైకిలు ఆపుకుని చదువుతున్నాడు.

"అద్భుతమా బావా?"

"యోసేపు వేయించినాడు."

"మంచిది. పెద్ద అచ్చు." వేలితో వరసలు తడిమాడు. "దీంట్లో నా సున్నం యాడ ఉండాదో అని వెతుకుతాండా, అంతే."

ఆకువక్క ఉమ్మేసి, సైకిలెక్కి పోయాడు. వెనక్కి చూడలేదు.

21 మార్చి

తంగరాజ్ రాలేదు.

22 మార్చి

రాలేదు. ఆంబూరులో ఎక్స్‌పోర్టు ఆర్డరు ఉండి ఉంటుంది. ఓవర్‌టైము.

23 మార్చి, గురువారం

యోసేపు బాణాలు తీసుకుపోయి వెండి రంగు వేయించి తెచ్చాడు. తోకల చుట్టూ జరీ. కూడికకు అలంకారం లేకపోతే ఎలా అన్నాడు. ఎండలో పెడితే కళ్లు చెదురుతున్నాయి! చాలా బాగున్నాయి.

పాపాతి "మా తమ్ముడు చూసినాడా?" అంది. బాణాలు గుడ్డలో చుట్టేశాను.

25 మార్చి, శనివారం

ఎడమకి.

వెండి బాణాలు మూడూ ఎడమకి. నిన్న మంచి శుక్రవారమంతా మందిరంలో, చూసుకోలేదు. ఈ పొద్దున చూస్తే ఇదీ సంగతి. సున్నం పూశాను. మరక ఉంది.

బస్సెక్కి ఆంబూరు పోయాను. మధ్యాహ్నం షిఫ్టు వదిలే వేళకు గేటు ముందు నిలబడ్డాను, చేతిలో గుడ్డ చుట్టిన వెండి బాణాలు. బిర్యానీ బళ్ల వాసన. వాడు రంపపు పొడి మొహంతో బయటికొచ్చి నన్ను చూసి ఆగాడు.

"ఏమప్పా, అద్భుతం?"

"ఎడమకి పోతాండాయి తంగరాజా."

బాణం చేతిలోకి తీసుకున్నాడు. జరీ చూశాడు.   వేలి మీద ఆనించి తూకం చూసి, "రంగూ జరీ తోక బరువు పెంచినాయి. తోక బరువైతే అంబు మళ్లీ బిగుసుకుంటాది" అన్నాడు. "రంగు ఉండనీ, జనం చూసేది అదే. ఈకల కాడ జరీ పీకేస్తా. తల కాడ ఇంకా తీగ చుడతా."

రైలుకట్ట పక్క ఖాళీ జాగాలో పెట్టాం. నేను వేస్తాను, వాడు తెస్తాడు, చుడతాడు, నేను మళ్లీ వేస్తాను. పొద్దు వాలేసరికి నడుమకి వచ్చాయి. నోటీసు మాట వాడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలనే అనుకున్నాను. బస్సు వచ్చింది.

26 మార్చి, ఈస్టరు

లేచాడు! నిజంగా లేచాడు! గొంతు పోయింది. రేపు.

27 మార్చి, సోమవారం

ఏరంతా జనం. చింతచెట్టు మీద కూడా. చంద్రశేఖరం శెట్టి గుమ్మడికాయ తానే తెచ్చి కొమ్మకు కట్టించి, గొడుగు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తంగరాజ్ ఎప్పటిలాగే వెనక, నల్ల చొక్కా.

మొదటిది దిగింది. కాయ కొంచెం ఊగింది. జనం ఊపిరి నాకు వినబడింది.

రెండోది దిగింది.

మూడోది లాగినప్పుడు ఎలీషా చేతులు నా చేతుల మీద ఉన్నాయో లేదో నాకు తెలియదు. రాగితీగ నా వేలికి తగులుతోందని మాత్రం తెలుసు. వదిలాను. కాయ పగిలి గింజలు ఇసకలో రాలాయి, బాణం కొమ్మకు వేలాడుతున్న సగం కాయలో నిలబడింది.

ఆ కేక! నా జన్మలో అలాంటి కేక వినలేదు. ఎవరెవరో నన్ను ఎత్తుతున్నారు, నా చొక్కా లాగుతున్నారు, యోసేపు మైకులో "దైవ హస్తం! దైవ హస్తం!" అంటున్నాడు. నేను గెలిచాను. ఈ పెట్టె నాది, బతికున్నంత కాలం నాది.

పచ్చయమ్మ తోసుకుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. పిల్ల చంకలో ఉంది.

"అయ్యా, అంబు ఒకటి ఇయ్యి. బిడ్డ తలకాడ పెట్టుకుంటా. వేలూరు ఆస్పత్రి మాత్రలు ఈ ఏట్లోనే పారేస్తానయ్యా, ఇదో చూడు, తెచ్చినా."

నిజంగానే తెచ్చింది. కొంగు ముడి విప్పుతోంది.

మూడు బాణాల వేడి నా ఒంట్లోంచి ఒక్కసారిగా దిగిపోయింది. ఆ ముడి మీద చెయ్యి పెట్టి మూసేశాను. పెట్టె ఎక్కి యోసేపు చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"ఆగండి! ఇది అద్భుతం కాదు. విన్నారా? కాదు! ఈ బాణం మొదట ఎడమకి పోయేది. ఎందుకు పోతోందో నాకు తెలియలేదు. ప్రార్థించినా తెలియలేదు, ఉపవాసమున్నా తెలియలేదు. ఒకడు సున్నం పూసి చూపించాడు. మందిరం తాళం వేలాడదీసి వంపు కొలిచాను. శెట్టి అంగడిలో గురివింద గింజలతో ములికి తూచాను. పచ్చయమ్మా, ఆ మాత్రలు ఒక్కటి పారేసినావంటే నా మీద ఒట్టు. ప్రార్థన నేను చేస్తా, మాత్ర నువ్వు వెయ్యి."

యోసేపు వైరు పీకబోయాడు. పాపాతి, నా పాపాతి, ఆ వైరు మీద కూర్చుంది!

"సున్నం పూసినవాడు అదో, అక్కడ ఉన్నాడు. తంగరాజా, రారా. ఎక్కు. నువ్వే చెప్పు."

తప్పితే దిగుతానన్నాను. తప్పలేదు. దిగాను.

వాణ్ణి జనమే తోసుకుంటూ తెచ్చి ఎక్కించారు. ఇన్నేళ్లు వెనకనుంచి అరిచినవాడు, మైకు ముందు నిలబడేసరికి నోరు పెగల్లేదు. చొక్కా గుండీలు తడుముకున్నాడు. "అది... వచ్చి... అంబు అనేది..." అన్నాడు. ఆగిపోయాడు. నేను జనం వెనక్కి పోయి, వాడు ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, చేతులు నోటి చుట్టూ పెట్టుకుని అరిచాను.

"గట్టిగా చెప్పరా, ఎనక్కి ఇనబళ్లా!"

అంతే! వాడి ముఖం వెలిగిపోయింది. చేప అన్నాడు, రాయి అన్నాడు, బాణం వంగకపోతే సూటిగా పోదన్నాడు, గుమ్మడికాయకు ఏ దిష్టీ లేదు, శెట్టి నిక్షేపంగా కూర వండుకోవచ్చన్నాడు. ఊపులో కాలెత్తి పెట్టెను తన్నాడు, పలక పటుక్కున విరిగింది. ఆ నవ్వులు!

సగం మంది లేచి వెళ్లిపోయారు. ఉన్న సగం మంది బాణాన్ని చేతులు మారుస్తూ, వంచి చూస్తూ కూర్చున్నారు.

28 మార్చి

యోసేపు వచ్చి తాళం అడిగాడు. ఇచ్చాను. మందిరం సంఘానిది, సంఘం తేల్చేవరకు మీరు ప్రసంగించకూడదు అన్నాడు. "గెలిచిన దాన్ని చేతులారా పోగొట్టినారు ఉపదేశీ" అన్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆయనది దొంగ భక్తి కాదు. అది నాకు తెలుసు.

30 మార్చి

పాపాతి పచ్చయమ్మ ఇంటికి పోయి వచ్చింది. మాత్రలు వేస్తోంది.

1 ఏప్రిల్, శనివారం

తంగరాజ్ సైకిలు క్యారియరు మీద నా చెక్కపెట్టె కట్టుకుని వచ్చి గుమ్మంలో దించాడు. విరిగిన పలక తీసి కొత్తది వేసి ఉంది.

"సంఘం నన్ను మాట్లాడొద్దంది రా."

"సంఘం మందిరంలో గదా వద్దంది. ఏరు ఎవుడిది?"

"నీకెందుకురా ఇదంతా, దేవుడు లేడనేవాడివి?"

"లేడని చెప్పేదానికి ఎదురుగా ఒకడు ఉండాల గదా బావా. ఎక్కి చూడు, పలక సరిపోయినాదా."

2 ఏప్రిల్, ఆదివారం

మందిరం తలుపుకి తాళం ఉంది. యోసేపు రాలేదు. ఏటి ఇసకలో మైకు లేదు, తెల్ల చీరల వరసలు లేవు, మామూలు రోజుల్లో వచ్చేవాళ్లలో సగం. బీడీలు చుట్టే ఆడవాళ్లు వచ్చారు, చాటలు ఒళ్లో పెట్టుకుని. పచ్చయమ్మ కూతురు గుమ్మడి గింజలు ఏరుకుంటోంది. చంద్రశేఖరం శెట్టి అటుగా పోతూ గొడుగు కింద ఆగాడు.

పెట్టె ఎక్కాను. కొత్త పలక నా కింద కొంచెం వంగింది. నిలిచింది.

గొంతు ఇంకా సరిగా రాలేదు. గ్రంథం తెరిచాను. ఏం చెప్పాలో నిన్నంతా సిద్ధం చేసుకున్నది ఒక్క ముక్క గుర్తులేదు.

"గట్టిగా చెప్పు బావా!"

చెప్పాను.